ఎలీసమ్మ చెయ్యి

అనగనగా, మీ ముత్తాతకి ఇంకా మీసం మొలవని రోజుల్లో, ఏటి పక్కన మూడు పల్లెలు. మూడు పల్లెలకీ ఎముకలు కట్టే మనిషి ఒక్కతే, ఎలీసమ్మ. కూలికి పోయే మనిషి, ఉన్నవి రెండే చీరలు. కానీ వేళ్లతో తడిమి, ఎముక సరిచేసి, వెదురు బద్దలు పెట్టి కట్టిందంటే ఎవడైనా లేచి నడవాల్సిందే!

ఆ విద్య వాళ్ల నాన్నది. "ఎవరికీ నేర్పకు, నేర్పితే చేతిగుణం పోద్ది" అని చెప్పి కన్నుమూశాడు.

ఒక వానాకాలం గొర్రెలు కాసే గురవడి కాలు విరిగింది. ఎలీసమ్మ ఏటికి అవతల చిక్కుకుపోయింది. వరద తగ్గి ఆమె వచ్చేసరికి కాలు వంకరగా అతుక్కుపోయింది. ఎలీసమ్మ గుండె బాదుకుని ఏడ్చింది.

"దేవుడు ఈ విద్య ఇచ్చింది దాచుకోమనా? రేపు ఏం చేశావే అని అడిగితే ఏ మొహంతో నిలబడను?"

ఆదివారం ప్రార్థన పాక ముందు చాప పరిచి, నేర్పుతాను రండి అంది. ఒక్కరూ రాలేదు.

"పదక్కా ఇంటికి. గుణం పోతే మనకి దిక్కెవరు?" అన్నాడు తమ్ముడు యోబు.

"ఇది నా సొత్తు కాదురా. నేర్పుతాను."

రెండో ఆదివారం జనం దూరంగా నిలబడి చూసిపోయారు. యోబు మళ్లీ వచ్చాడు.

"నా సొత్తు కాదురా. నేర్పుతాను."

మూడో ఆదివారం గురవడు కర్ర పొడుచుకుంటూ వచ్చి చాప మీద కూలబడ్డాడు. "నాకు నేర్పు అత్తా. నాకింక పోయేదేముంది?"

ముందు కోడి కాలు కట్టించింది. తర్వాత మేక కాలు. మనిషి కాలు ఇవ్వడానికి మాత్రం ఎవడొస్తాడు?

అంతలో రేవు దగ్గర జారి ఎలీసమ్మ కుడిచెయ్యే పుటుక్కున విరిగింది. "నే చెప్పలా! గుణం పోయింది!" అని యోబు లబోదిబోమన్నాడు. ఊరంతా మూగింది. ఎలీసమ్మ పళ్లు బిగించి చెయ్యి గురవడి ఒళ్లో పెట్టింది.

"కట్టరా."

"తప్పితే అత్తా?" అన్నాడు వాడు.

"తప్పితే నా చెయ్యే కదా. కట్టు."

కట్టాడు. నలభై రోజులు ఊరు ఊపిరి బిగబట్టి చూసింది. కట్టు విప్పిన మర్నాడు ఎలీసమ్మ ఆ చేత్తోనే బావిలోంచి నిండు చేద తోడి, యోబు నెత్తిన కుమ్మరించింది. ఆ ఆదివారం చాప చాలలేదు.

ఎలీసమ్మ పోయి ఎన్నాళ్లయిందో ఎవరికీ తెలీదు. ఆ పల్లెల్లో ఇప్పటికీ కట్టు కట్టేవాడు ఒంటరిగా కట్టడు. చుట్టూ చూసి, ఆ విద్య రానివాణ్ణి ఒకణ్ణి పిలిచి, వాడి వేళ్లు విరిగినచోట ఆనిస్తాడు.

"పట్టుకో. ఎలీసమ్మ చెయ్యి ఇది. నీకిస్తున్నా" అంటాడు.