తల వంచిన పొగమంచు

ఒకప్పుడు నీలగిరి కొండల్లో పొగమంచు కిందికి దిగేదే కాదు. దొడ్డబెట్ట శిఖరం మీద మెడ నిక్కించుకుని నిలబడేది. సూర్యుడు పలకరించినా "ఏం?" అనేది. అంత పొగరు దానికి!

ఆ కొండ కింద బడగలనే కొండజనం ఊరొకటి ఉండేది. ఊరిని వాళ్ళు హట్టి అంటారు. ఆ హట్టిలో నంజవ్వకి తన గేదె కెంచి అంటే ప్రాణం. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. గడ్డి మాడిపోయింది. కెంచి డొక్కలు లోపలికి పోయాయి.

"అవ్వా, ఉప్పు పండగ దాకా ఉంటానో ఉండనో," అంది కెంచి.

"నోరు ముయ్యి! పండగనాడు ఉప్పునీళ్ళు నా చేత్తో తాగిస్తాగా," అంది నంజవ్వ. అనడమైతే అంది గానీ, కళ్ళనీళ్ళు ఆగలేదు.

కెంచి కొండకేసి మోర ఎత్తింది. "మంచన్నా! నీ దగ్గర బోలెడు తడి ఉంది. కాస్త దిగి రావయ్యా!"

"నేనా? గడ్డి దగ్గరికా?" మంచు పకపకా నవ్వింది.

పశువులకు ఉప్పునీళ్ళు పట్టే ఆ పండగ రానే వచ్చింది. పొద్దున్నే హట్టి అంతా తెల్లబట్టలు కట్టుకుని ఆటపాటలు మొదలుపెట్టింది. సందడి చూద్దామని మంచు దొంగలా దిగి వచ్చి, వెనకాల నిలబడింది.

నంజవ్వకి చూపు అంతంతమాత్రం. తెల్లగా, పొడుగ్గా ఎవరో కనిపించేసరికి పక్క హట్టి చుట్టం అనుకుంది.

"ఎవరబ్బాయివిరా? పెద్దదాన్ని ఎదురుగా ఉంటే తల వంచవేం?"

బడగల పలకరింపు అదే మరి. చిన్నవాళ్ళు తల వంచాలి, పెద్దవాళ్ళు ఆ తల మీద చెయ్యి పెట్టి దీవించాలి.

మనవరాలు గిరిజి కిసుక్కున నవ్వింది. "అవ్వా, అది మనిషి కాదే, పొగమంచు!"

"అయితే ఏం? తల లేదా దానికి?"

మంచు ఉన్న తెలుపు చాలక ఇంకా తెల్లబోయింది. పుట్టి బుద్ధెరిగాక దాన్ని ఎవరూ అబ్బాయీ అనలేదు. మెల్లగా తల వంచింది. అవ్వ నడుం వంగిన పొట్టి మనిషి. ఆ చెయ్యి అందాలంటే ఇంకా వంగాలి, ఇంకా వంగాలి. వంగి వంగి గడ్డి మీదే వాలిపోయింది.

"బతుకు నాయనా, చల్లగా బతుకు," అని నంజవ్వ దాని తల నిమిరింది.

మంచుకి దుఃఖం పొంగుకొచ్చింది. బొటబొటా ఏడ్చేసింది. గడ్డిపరక పరకకీ ఓ బొట్టు! ఎండిన గడ్డి తలెత్తింది. కెంచి నాలుక చాపి నాకింది.

"అవ్వా, ఉప్పునీళ్ళు తర్వాత తాగుతాలే!"

అప్పటినుంచే నీలగిరుల్లో పొగమంచు పొద్దున్నే కొండ దిగి వస్తుంది. గడ్డి దాకా వంగి, చుక్కలు రాల్చి, ఎండ ఎక్కాక లేచి వెళ్తుంది. నంజవ్వ ఇప్పుడు లేదు. అయినా ఆ చెయ్యి కోసం అది రోజూ తల వంచుతూనే ఉంది.