వీపు మీద ఈగ

నీళ్ళ అడుగుకి దిగేటప్పుడు తొడుక్కునే మూడు సూట్లలో ఏది ఉంచుకోవాలో సన్యాసినాయుడు తేల్చుకోవాలి. సోమవారం రైలెక్కాలి. ఆలోపు ఒకటి ఉంచుకుని మిగతా రెండూ తిప్పి పంపెయ్యాలి.

ఎక్కడో హిమాలయాల్లో, మంచు కరిగిన నీళ్ళు నిండే ఒక ఆనకట్ట. దాని అడుగున ఇనుప తలుపు ఇరుక్కుపోయింది. కింది పల్లెల వాళ్ళు పొలాలు దున్నుకుని నీళ్ళ కోసం కళ్ళు కాయలు కాచేలా చూస్తున్నారు. అరవై అడుగులు దిగి ఆ తలుపు విడిపించే మనిషి కావాలని కాంట్రాక్టరు కబురు పెడితే, ఎల్లాజీ మాస్టారు తన ఏడుగురు శిష్యుల్లోంచి నాయుడి పేరు చెప్పారు. నాయుడికి ఆ రోజునించీ కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఎల్లాజీ మాస్టారంటే ఆషామాషీ మనిషి కాదు. జాలరిపేటలో పుట్టి, నలభై ఏళ్ళు నీళ్ళ అడుగునే కష్టం చేసి, డెబ్బై దాటాక విశాఖ ఫిషింగ్ హార్బర్ వెనక ఒక రేకుల షెడ్డులో ఆ విద్య నేర్పుతున్నారు. ఓడ అడుగున ఇరుక్కున్న తాళ్ళు కోశారు, మునిగిన పడవల్లోంచి మనుషుల్ని తీశారు. మాట మాత్రం మహా పొదుపు. ఆయన నోట ఒక ముక్క రాలితే శిష్యులు వారం రోజులు నెమరేసుకునేవాళ్ళు.

శిష్యుడిది వేరే తీరు. పేరుకి సన్యాసినాయుడే గానీ అద్దం కనబడితే ఆగకుండా పోయేవాడు కాదు. అలాగని ఉత్త సోకులరాయుడు అనుకోకండి. మన సముద్రంలో దిగితే అతన్ని మించినవాడు ఆ షెడ్డులో లేడు. చలినీళ్ళలో మాత్రం అంతవరకూ కాలు పెట్టి ఎరగడు. అందుకని దొరికిన పుస్తకమల్లా చదివేసి, చదివింది మిగతా ఆరుగురికీ పాఠం చెప్పాడు. ఈ సూట్లని డ్రైసూట్లంటారనీ, అవి నీళ్ళని లోపలికి రానివ్వవు గానీ చలిని ఆపలేవనీ, చలిని ఆపేది వాటి కింద తొడుక్కునే మందపాటి ఉన్ని బట్టేననీ చెప్పాడు. భలే చెప్పావురా అని అందరూ మెచ్చుకున్నారు.

ఆ ఉన్ని బట్టల మూట కూడా కాంట్రాక్టరు పంపిన సూట్లతో పాటే వచ్చింది. మే నెల విశాఖలో, రేకుల కింద, దాన్ని ఎవడు విప్పుతాడు చెప్పండి? నాయుడు మధ్యాహ్నం పూట ఆ మూట తలకింద పెట్టుకుని కునుకు తీసేవాడు.

బనీను మీదే మూడు సూట్లూ తొడిగి చూశాడు. మొదటిది మందపాటి రబ్బరుది. తొడుక్కునేలోపే నీరసం వచ్చింది. రెండోది నల్లది, పల్చనిది. ఛాతీ దగ్గరా భుజాల దగ్గరా ఒంటికి అతికినట్టు కూర్చుంది. మూడోది వెలిసిన ఎర్రది. మోకాళ్ళ దగ్గర ముడతలు, నడుం దగ్గర ముడతలు, చంకల్లో ఇంకో మనిషి పట్టేంత జాగా. దానికి గోనెసంచి అని పేరు పెట్టి అందరూ పడీపడీ నవ్వారు.

నల్లదాంట్లో పది ఫోటోలు తీయించుకున్నాక నాయుడు మాస్టారి దగ్గరకి వెళ్ళి, మూడిట్లో ఏది మంచిదని అడిగాడు. అడగడం పేరుకే. మనసు ఎప్పుడో తేల్చేసుకుంది.

"మూడూ మంచియే," అన్నారు మాస్టారు. "నువ్వేది అనుకున్నావు?"

"నల్లదండి. నాకోసమే కుట్టినట్టుంది."

మాస్టారు అతన్ని పాదాల నించి తలదాకా ఒకసారి చూశారు. "రేపు ఆదివారం. మద్దేనం మా ఇంటికి బోజనానికి రా. సూటు తెచ్చుకో. నీ తలగడ కూడా తెచ్చుకో."

ఆ మాట అని, పోతూ పోతూ ఎర్ర సూటు చంకన పెట్టుకుని వెళ్ళిపోయారు. తిప్పి పంపడానికి కాబోలు అనుకున్నాడు నాయుడు. తలగడ సంగతి మాత్రం రాత్రంతా ఆలోచించినా అంతు చిక్కలేదు.

మర్నాడు నల్ల సూటూ, తలకింద పెట్టుకునే మూటా మోసుకుని పన్నెండున్నరకి వెళ్ళేసరికి ఎండ నెత్తి మాడుస్తోంది. గుమ్మంలో అడుగు పెట్టి నాయుడు అలాగే నిలబడిపోయాడు.

మాస్టారు ఉన్ని పంట్లాం, మెడదాకా ఉన్ని స్వెట్టరు, రెండు జతల మేజోళ్ళు తొడుక్కుని, నెత్తిన మంకీక్యాపు పెట్టుకుని చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. చెమట గడ్డం మీంచి కారిపోతోంది. పక్కన ఆయన భార్య నూకాలమ్మ విసనకర్రతో విసురుతూ, విసురుతూనే తిడుతోంది. ముసలితనంలో ఈ వేషమేటనీ, వడదెబ్బ తగిలితే ఎవుడు మొయ్యాలనీ ఆవిడ గోల. ఎదురుగా నేల మీద రెండు విస్తళ్ళు.

"మూట విప్పి తొడుక్కో," అన్నారు మాస్టారు. "దాని మీద నల్లది."

పక్క గదిలోకి వెళ్ళి తొడుక్కున్నాడు. ఉన్ని బట్ట ఎక్కేసరికే ఒళ్ళంతా తడిసిపోయింది. దాని మీద సూటు లాగడానికి పావుగంట పట్టింది. ఛాతీ మీది జిప్పు ఎక్కనంటే ఊపిరి బిగబట్టి ఎక్కించాడు. ఎలాగో బయటికొచ్చాడు. నిన్నటి ఫోటోల్లోని మనిషి కాడు. మూతి బిగించి దారం చుట్టిన బస్తాలాగ ఉన్నాడు.

"కూకో. పులుసు చల్లారిపోద్ది."

కూర్చోవడం ఎలా? మోకాలు మడవబోతే తొడల దగ్గర సూటు పట్టేసింది. నడుం వంచబోతే మెడ కిందకి లాగేసింది. గోడ పట్టుకుని సగం దిగి, అక్కడ ఆగిపోయాడు. నూకాలమ్మ నవ్వు ఆపుకోలేక విసనకర్ర మొహానికి అడ్డం పెట్టుకుంది.

మాస్టారు నవ్వలేదు. మోకాళ్ళ మీద చేతులేసి లేచి, శిష్యుడి వెనక్కి వెళ్ళి నిలబడ్డారు.

"నీ వీపు మీద ఈగ వాలింది. తోలు."

నాయుడు కుడి చెయ్యి ఎత్తాడు. అది చెవి దాకా వెళ్ళి ఆగిపోయింది. ఎడమ చెయ్యి అంతదాకా కూడా రాలేదు. మళ్ళీ కుడిచెయ్యి ఎత్తాడు. చంకలో గుడ్డ బిగుసుకుంది గానీ చెయ్యి వెనక్కి పోలేదు.

"మెడ కింద. కుసింత కిందకి," అన్నారు మాస్టారు మెల్లిగా.

అప్పుడు తట్టింది నాయుడికి. ఈగ వాలిందన్న చోటు మామూలు చోటు కాదు. నీళ్ళలో దిగినప్పుడు సిలిండర్ల మీది తిరుగుడు మూతలు రెండూ ఉండేది అక్కడే. చలినీళ్ళలో ఊపిరి పీల్చే పరికరం ఒక్కోసారి లోపల గడ్డకట్టి, గాలి ఆగకుండా బయటికి తోసేస్తుంది. చెయ్యి వెనక్కి పెట్టి ఆ మూత కట్టేసి, రెండో పరికరంతో ఊపిరి తీసుకోవాలి. కట్టలేకపోతే ఉన్న గాలంతా నిమిషాల్లో బుడగలైపోతుంది. ఇదంతా తనకి తెలుసు. పుస్తకంలో గీత గీసుకున్నాడు. ఆరుగురికి తనే పాఠం చెప్పాడు. అంత ఉక్కలోనూ అతని వీపు చల్లబడింది.

మాస్టారు గోడ మేకుకి తగిలించిన ఎర్ర సూటు తీసి చేతికిచ్చారు.

ఉన్ని బట్టల మీద అది సునాయాసంగా ఎక్కింది. నిన్న నవ్వుకున్న ముడతల్లోకి మోకాళ్ళు చక్కగా మడిచి పెట్టుకున్నాడు. బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఎవరూ అడక్కుండానే చెయ్యి వెనక్కి పెట్టి మెడ కింద తడుముకున్నాడు. కుడి చెయ్యి అందింది. ఎడమ చెయ్యీ అందింది.

వంజరం చేపల పులుసు పోస్తూ నూకాలమ్మ మొగుడి మీద మళ్ళీ లేచింది. "ఒక్క మాట చెప్తే అయిపోయేదానికి ఇంత బాగోతమేటి మావా?"

"చెవిలో పడ్డ మాట ఒడ్డునే ఉండిపోద్దే," అన్నారు మాస్టారు. "నీళ్ళలోకి దిగదు."

నాయుడు తలెత్తి ఆయన్ని చూశాడు. డెబ్బై రెండేళ్ళ మనిషి. రోహిణి ఎండలో, ఉన్ని బట్టల్లో, తను రాకముందు నించీ ఉడికిపోతున్నారు. శిష్యుడు ముద్ద ముద్దా తిని చెయ్యి కడుక్కుని సూటు విప్పేదాకా ఆయన మంకీక్యాపు కూడా తీయలేదు. ఇలాంటి గురువు దొరకడానికి తానేం పుణ్యం చేసుకున్నాడో నాయుడికి తెలీలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగితే కారం తగిలిందన్నాడు. నూకాలమ్మ మజ్జిగ పోసింది.

సోమవారం పొద్దున్న షెడ్డులో మిగతావాళ్ళు నల్ల సూటు ఏదని అడిగారు. నాయుడు ఎర్రది భుజాన వేసుకుని, అదిగో ఆ డబ్బాలో ఉంది, తిప్పి పంపెయ్యండని చెప్పి రైలుకి వెళ్ళిపోయాడు.

పది రోజుల తర్వాత, మిట్ట మధ్యాహ్నం మాస్టారి ఇంట్లో ఫోన్ మోగింది. అవతల నాయుడు. కొండ దారిలో సిగ్నల్ తగిలే మలుపు దాకా నడిచి వచ్చి చేస్తున్నాడు. తలుపు లేచిందనీ, కాలవలోకి నీళ్ళు వదిలారనీ, పల్లెల వాళ్ళు గట్టు మీద నిలబడి దండాలు పెట్టారనీ చెప్పాడు. మాస్టారు వింటున్నారు. నాయుడు చెప్పడం ఆపాడు.

"మాస్టారూ," అన్నాడు చివరికి. "నిన్న మొదటిసారి దిగినప్పుడు, అరవై అడుగుల్లో... ఈగ వాలిందండి."

మాస్టారు కలుపుతున్న ముద్ద విస్తట్లోనే వదిలేసి లేచి నిలబడ్డారు.

"తోలీసావా?"

"తోలీసానండి."

మాస్టారు మళ్ళీ విస్తరి ముందు కూర్చున్నారు.

"అయితే బోంచెయ్యి."