రాజుగారి కారులో ఎవరి కరెంటు?

సువర్ణపురి ఏలే జయకేతు మహారాజు ఏనుగంటే మొహం మొత్తి ఎలక్ట్రిక్ కారు కొన్నాడు. రాజుగారు కొన్నారు కనక దర్బారంతా కొంది. దర్బారు కొంది కనక ఊరూ కొంది.

కార్లకు కరెంటు పట్టడానికి ముగ్గురు ఆసాములు వీధివీధికీ ఛార్జింగ్ స్టేషన్లు పెట్టారు. కొండమీది జలపాతం నుంచి తీసే కరెంటు మంత్రి దండపాణిది. ఎండ నుంచి తీసేది నగల వర్తకుడు రత్నశెట్టిది. గాలిమరల నుంచి తీసేది మాజీ సేనాపతి వీరభద్రుడిది. ఎవరి కార్డు వాళ్లదే. ఒకరి కార్డు ఇంకొకరి స్టేషన్‌లో పెడితే ఎర్రదీపం వెలిగేది, అంతే.

ఇలా ఉండగా ఒకనాడు కాన్పు చెయ్యడానికి బయల్దేరిన డాక్టరు సుభద్రమ్మ కారు నడివీధిలో ఆగిపోయింది. ఎదురుగానే స్టేషన్ ఉంది. అది వీరభద్రుడిది, ఆవిడ దగ్గరున్నది రత్నశెట్టి కార్డు. దారినపోయేవాళ్లు కారుని ఊరి ఆ చివరున్న శెట్టి స్టేషన్ దాకా తోసుకెళ్లారు. ఆవిడ వెళ్లేసరికి బిడ్డ పుట్టడం, ఏడవడం, నిద్రపోవడం కూడా అయిపోయాయి. తల్లికి మాత్రం తృటిలో చావు తప్పింది.

ఆ తల్లి నాంచారి చెల్లెలు.

నాంచారి ఆస్థానంలో రాజుగారి సందేహాలు తీర్చే ఉద్యోగి. ఆ పూటంతా చెల్లెలి చెయ్యి పట్టుకుని వీధిలో కారు చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చుంది. మర్నాడు దర్బారులో అంతా చెప్పింది.

రాజుగారు మండిపడ్డాడు. “ఇకమీదట ఒకటే కార్డు! ఏ స్టేషన్‌లో పెట్టినా పనిచెయ్యాలి!”

దండపాణి లేచి ఉత్తరీయం సర్దుకున్నాడు.

“కుదరదు ప్రభూ. ఈ మూడు కరెంట్లకూ ఒకదానితో ఒకదానికి పడదు. మా జలపాతం కరెంటు చలవ చేస్తుంది. ఎండ కరెంటు వేడి చేస్తుంది. గాలి కరెంటు అచ్చం వాతం. మూడూ ఒకే బ్యాటరీలో పడితే అది ఉబ్బి పేలుతుంది. ప్రజల క్షేమం కోరే విడివిడిగా ఉంచాం.”

ఆస్థాన వైద్యుడు అవునన్నట్టు తలూపాడు.

“కలిపే ఉపాయం నేను చూస్తాను ప్రభూ,” అంది నాంచారి.

“చూడలేకపోతే ఉద్యోగం వదిలి వెళ్తావా?” అన్నాడు దండపాణి.

“వెళ్తాను. రాజుగారి కారు ఒక్కపూట ఇప్పించండి.”

తొందరపడి మాట ఇచ్చానేమో అని ఆమెకి లోపల గుబులుగానే ఉంది. అయినా కారు తీసుకుని ముందు రత్నశెట్టి దగ్గరికి వెళ్లింది.

“శెట్టిగారూ, ఏ కరెంటు గొప్పదో ప్రభువులు స్వయంగా తేల్చుకుంటారట. నచ్చినవారికి ముత్యాలహారం. కాస్త పట్టండి, చాలు. మూడో కంటికి తెలియనివ్వకండి.”

శెట్టి సంబరంగా పట్టాడు. వీరభద్రుడూ అంతే. చివరికి దండపాణి కూడా తన చేత్తోనే తీగ తగిలించాడు. బ్యాటరీ అప్పటికే సగానికి పైగా నిండి ఉందని చూశాడు. అది ఎవరి కరెంటని మాత్రం అడగలేదు.

మర్నాడు రాజుగారు ఊరంతా ఒక చుట్టు చుట్టి వచ్చి కోట వాకిట్లో కారాపాడు. మొహం వెలిగిపోతోంది.

“ఇంత హాయిగా ఇదివరకెప్పుడూ నడవలేదు! ఈ కరెంటు ఎవరిది?”

“నాదే ప్రభూ!” అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

“ఆ కదలికలో చలవ తెలియడం లేదా ప్రభూ? మొత్తం మా జలపాతమే!” అన్నాడు దండపాణి.

“వేడి లేకపోతే అంత చురుకు ఎక్కడిది?” అన్నాడు శెట్టి.

“ఆ ఊపు గాలిది కాక మరెవరిది?” అన్నాడు వీరభద్రుడు.

రాజుగారు నాంచారి వంక చూశాడు.

“ముగ్గురిదీ ఉంది ప్రభూ,” అంది నాంచారి. “తలా కాస్త పట్టారు.”

భటులు కారుకి కాస్త దూరం జరిగారు. వైద్యుడు బాగా దూరం జరిగాడు. రాజుగారు ఒక్క ఉదుటున కారులోంచి దూకాడు.

“పేలుతుందన్నావు కదయ్యా దండపాణీ!”

“పేలేదే అయితే ఇది రాజద్రోహం ప్రభూ,” అంది నాంచారి నెమ్మదిగా. “బ్యాటరీలో ముందే ఇంకొకరి కరెంటు ఉందని చూసి కూడా మంత్రిగారు తనది కలిపారు. విచారణ తర్వాత చేసుకోవచ్చు. ముందు ప్రమాదం తప్పాలి కదా.”

ఆమె దండపాణి వైపు తిరిగింది.

“మంత్రిగారూ, మీ కరెంటు చల్లగా ఉంటుంది కనక, చెయ్యి పెట్టి చూసుకుని, చల్లగా తగిలినంత మటుకు ఏరి మీది మీరు పట్టుకెళ్లండి.”

దండపాణి కారుని చూశాడు. రాజుగారిని చూశాడు. మళ్లీ కారుని చూశాడు. శెట్టి, వీరభద్రుడు తమ చెప్పులకేసి చూసుకుంటున్నారు.

“కలిసినా... ఏం కాదు ప్రభూ,” అన్నాడు దండపాణి గొణుగుతూ.

“కాస్త గట్టిగా చెప్పండి. వైద్యులవారు దూరంగా ఉన్నారు,” అంది నాంచారి.

“కరెంటంతా ఒకటే ప్రభూ!” అని అరిచాడు దండపాణి.

రాజుగారు కారు మీద చెయ్యి ఆనించి కడుపుబ్బ నవ్వాడు. భటులు నవ్వారు, కోటగోడ మీది కాపలావాళ్లు నవ్వారు. చివరికి శెట్టి కూడా ఆపుకోలేకపోయాడు.

“కరెంటు ఒకటే అయినప్పుడు కార్డూ ఒకటే,” అన్నాడు రాజు కళ్లు తుడుచుకుంటూ. “ఎవరికెంత రావాలో మీలో మీరు తేల్చుకోండి. ఈ సాయంత్రానికల్లా అన్ని స్టేషన్లూ అందరికీ పనిచెయ్యాలి.”

తన మెడలోని ముత్యాలహారం తీసి నాంచారికి ఇచ్చి, కారు తలుపు తనే తెరిచి పట్టుకున్నాడు.

“ఎక్కు. మీ ఇంటిదాకా నేనే నడుపుతాను.”