అనంతుడి బుధవారం

అనగనగా శ్రీగిరిపట్నంలో ఒక విద్యాశాల. ఊఁ కొట్టండి పిల్లలూ, ఊఁ కొట్టనిదే కథ కదలదు.

ఆ విద్యాశాలలో చదువు ఉచితం. తిండి మాత్రం ఎవరిది వాళ్ళే చూసుకోవాలి. కలిగినవాళ్ళకు ఇంటి నుంచి నెలనెలా తిండి ఖర్చులు వచ్చేవి. లేనివాళ్ళు వారాలు చేసుకునేవారు. అంటే సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో, అలా ఏడు ఇళ్ళలో ఏడు రోజులూ భోజనం. ఒక ఇంటికి రోజుకు ఒక్క విద్యార్థే, అదీ కట్టుబాటు. అదైనా ఒక్కపూటే. ఆ పూట తప్పిందా, మర్నాడు మధ్యాహ్నం దాకా మంచినీళ్ళే గతి.

చెన్నకేశవుడు కలిగినవాడే. తండ్రి పేరిశెట్టి నూనె వర్తకుడు. నెల మొదట్లో డబ్బు మూట పంపుతూ, "కడుపునిండా తినమను. చదువుకునేవాడు ఆకలితో ఉండకూడదు" అని బండివాడితో చెప్పించేవాడు.

కొడుక్కి మూట చేతికందితే చాలు, కాళ్ళు మిఠాయి అంగళ్ళ వీధిలోకే నడిచేవి. కాజాలు, జిలేబీలు, నేతి అరిసెలు! తను తినడమే కాక తోటివాళ్ళకూ తినిపించేవాడు. "దాత అంటే మన చెన్నకేశవుడే!" అని వాళ్ళు పొగిడేవారు. అప్పనంగా వచ్చిన అరిసె నోట్లో ఉంటే ఎవరు మాత్రం పొగడరు? సగం నెలకే మూట ఖాళీ అయ్యేది. ఒకసారి అలా పస్తు పడితే, పొగిడినవాళ్ళలో ఒక్కడూ పిడికెడు అన్నం పెట్టలేదు.

తండ్రిని మళ్ళీ అడగడానికి మొహం చెల్లలేదు. పట్టు ఉత్తరీయం పెట్టెలో దాచి, చిరుగుల పంచె కట్టి, విద్యార్థులకు వారాలు పెట్టే నాంచారమ్మగారి గుమ్మం ముందు నిలబడ్డాడు.

"పేద విద్యార్థినమ్మా. ఒక వారం ఇప్పించండి."

"మా ఇంట్లో బుధవారం అనంతుడనే పిల్లవాడిది నాయనా" అంది నాంచారమ్మ. "పాపం, తల్లికి జబ్బని ఊరెళ్ళాడు. వస్తాడో రాడో తెలియదు. ఆకలన్నవాణ్ణి పొమ్మనలేను. నువ్వు రా."

మొదటి బుధవారం చెన్నకేశవుడు ఆవురావురుమంటూ తిన్నాడు. సరిగ్గా అదే పూటకు అనంతుడు ఊరి నుంచి తిరిగి వచ్చాడు. తల్లికి చాకిరీ చేసి చేసి తనే సగమయ్యాడు. వాకిట్లోంచి చూస్తే, లోపల తన చోట ఇంకొకరు. తినేవాణ్ణి విస్తరి ముందు నుంచి లేపమనడం ఎంత తప్పో అతనికి తెలుసు. పైగా మొహమాటస్తుడు. చప్పుడు చెయ్యకుండా వెనుదిరిగి, నీళ్ళు తాగి పడుకున్నాడు. తన వారం ఇంకొకరికి ఇచ్చేశారనుకుని, మళ్ళీ ఆ గుమ్మం వైపు వెళ్ళలేదు.

రెండో బుధవారానికి పేరిశెట్టి మూట వచ్చింది. చెన్నకేశవుడు ఇక వారం వదులుకోవాలి కదా? వదులుకోలేదు! "ఇక్కడ భోజనం ఊరికే దొరుకుతుంటే, మూటంతా మిఠాయికే" అని మురిసిపోయాడు. ఆ రోజు విస్తట్లో సగం అన్నం వదిలేశాడు.

మూడో బుధవారం కాజాలతో పొట్ట నింపుకుని వచ్చి, మెతుకులు కెలికి లేచాడు.

"ఏం నాయనా, ఒంట్లో బాగాలేదా? పప్పులో ఉప్పు తగ్గిందా?" అని నాంచారమ్మ నొచ్చుకుంది. అతను గబగబా చెయ్యి కడుక్కుని బయటపడ్డాడు.

మర్నాడు పొద్దున పాఠం అప్పజెబుతూ అనంతుడు కళ్ళు తిరిగి పడిపోయాడు. గురువుగారు మొహాన నీళ్ళు చల్లి లేపారు.

"నిన్న ఎవరింట్లో తిన్నావురా?"

"నిన్న బుధవారం కదండీ" అన్నాడు అనంతుడు. "నాకు బుధవారం లేదండీ."

పిల్లలు గొల్లున నవ్వారు. బుధవారం లేనివాడు ఎక్కడైనా ఉంటాడా! చెన్నకేశవుడు మాత్రం నవ్వలేదు.

"నేను ఇంటికి వెళ్ళిపోతానండీ. ఆకలికి పాఠం నిలవడం లేదు" అని అనంతుడు బట్టలు సర్దుకోవడానికి లేచాడు.

చెబితే చెన్నకేశవుడి పరువు పోతుంది. చెప్పకపోతే అనంతుడి చదువు పోతుంది. అనంతుడు గడప దాటబోతున్నాడు.

"గురువుగారూ, వాణ్ణి ఆపండి!" అని అరిచాడు. "వాడి బుధవారం నా దగ్గరుంది."

నవ్వులు ఆగిపోయాయి. జరిగిందంతా చెప్పాడు, కాజాలతో సహా. గురువుగారు తిట్టలేదు, కొట్టలేదు. ఇద్దర్నీ నాంచారమ్మ ఇంటికి పంపారు. అక్కడ మళ్ళీ మొదటి నుంచీ చెప్పాల్సి వచ్చింది. రెండోసారి చెప్పడం ఇంకా కష్టమైంది. ఆ రోజు వాకిట్లోంచే వెనుదిరిగిన సంగతి అనంతుడూ చెప్పాడు.

"నీకు పెట్టినందుకు నాకేం బాధ లేదు నాయనా" అంది నాంచారమ్మ కళ్ళొత్తుకుంటూ. "ఈ పిల్లవాడు నా వాకిలి దాకా వచ్చి పస్తుతో వెళ్ళాడే, అది ఎలా మరిచిపోను?" అప్పటికప్పుడు పీట వేసింది.

"ఇవాళ గురువారం కదమ్మా" అని అనంతుడు నసిగాడు.

"నా పొయ్యికి వారాలు తెలియవు. కూర్చో."

చెన్నకేశవుడు తనే వడ్డించాడు. అనంతుడు మెతుకు మిగల్చకుండా తిన్నాడు. ఆ ఖాళీ విస్తరి చూస్తుంటే, నిన్న తాను వదిలేసిన అన్నం గుర్తొచ్చి చెన్నకేశవుడికి ఏడుపొచ్చింది. ఆ రోజు నుంచీ అతను తండ్రి పంపిన డబ్బుతో బియ్యం కొని, తన వంట తనే వండుకున్నాడు.

కన్నవాళ్ళు మన ఆకలికని పంపినదాన్ని సరదాలకు తగలేస్తే, ఆ లోటు చివరికి మరొకరి విస్తట్లో తేలుతుంది.