చడీచప్పుడు లేని తరగతి

నెల్లూరు జిల్లా తూర్పుకోన బడిలో కొత్తగా చేరిన చక్రధర్ మాస్టారికి, పిల్లలు ఎక్కడ తన చెయ్యి దాటిపోతారోనని ఒకటే భయంగా ఉండేది. ఆ భయం బయటపడకూడదని గట్టిగా అరిచేవాడు. ఐదో తరగతి గదిలో అడుగు పెడుతూనే బెత్తంతో బల్ల మీద కొట్టేవాడు.

"నోటి మీద వేలు! నేను అడిగితే తప్ప ఎవరి నోరూ లేవకూడదు" అనేవాడు.

ఒకసారి మస్తానమ్మ అనే పిల్ల, పక్కనున్న అమ్మాయికి కడుపులో నొప్పిగా ఉందని చెప్పబోయింది. "నిన్నడిగానా?" అంటూ అరచేతి మీద కొట్టాడు. ఆ తర్వాత తరగతిలో ఎవరూ ఏమీ చెప్పలేదు.

ప్రధానోపాధ్యాయురాలు విమలమ్మ ఒకరోజు అతన్ని పక్కకు పిలిచింది. "చక్రధర్ గారూ, మీ గది ముందు నుంచి వెళ్తుంటే లోపల పిల్లలున్నారో లేదో తెలియడం లేదు. నాకెందుకో అది బాగున్నట్టు అనిపించడం లేదు" అంది.

"క్రమశిక్షణ మేడం!" అని అతను గర్వంగా నవ్వాడు.

కార్తీకంలో ముసురు పట్టింది. ఆ పొద్దున పిల్లలు గోడవార పట్టాల మీద కూర్చుని లెక్కలు చేస్తున్నారు. ఉన్నట్టుండి కావేరి అనే పిల్ల ఉలిక్కిపడి కాలు లాక్కుంది. పక్కనే ఉన్న మస్తానమ్మ చూసింది. నల్లగా, తెల్ల చారలతో, సన్నటి పాము ఒకటి పట్టా కింద నుంచి జారి గోడ కన్నంలోకి దూరిపోయింది.

మస్తానమ్మ నోరు తెరిచింది. మాస్టారు తలెత్తి చూశాడు. అంతే, ఆమె వేలు దానంతటదే పెదాల మీదికి వెళ్ళింది. కావేరి కాలు తడుముకుంది. చీమ కుట్టినంత గుర్తు, పెద్దగా నొప్పి కూడా లేదు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, తల వంచుకుని లెక్కలు చేయసాగారు.

మధ్యాహ్నం గంట కొట్టే వేళకు కావేరి కళ్ళు మూతలు పడసాగాయి.

"కావేరీ! నిద్రా? లేచి నిలబడు!"

గోడ పట్టుకుని లేచింది. రెప్పలు ఎత్తలేక, తల వెనక్కి వంచి చూసింది. ఏదో చెప్పబోతే నాలుక మడతపడింది.

"నాటకాలా?" అంటూ చక్రధర్ బెత్తం తీసుకుని మీదికి వచ్చాడు. ఆ పిల్ల కాళ్ళు మడతపడి నేల మీద కుప్పకూలింది. మూతి పక్క నుంచి చొంగ కారుతోంది.

"ఏమైంది? ఎవరైనా చూశారా?"

ఎవరూ పలకలేదు. అందరూ అతని చేతిలోని బెత్తాన్నే చూస్తున్నారు.

"చెప్పండర్రా!" అతని గొంతు పెరిగేకొద్దీ పిల్లలు మరింత ముడుచుకున్నారు. కావేరికి ఊపిరి ఆడడం కష్టమవుతోంది. చక్రధర్‌కి అర్థమైంది, వాళ్ళకు ఏదో తెలుసు. తెలిసి కూడా చెప్పలేకపోతున్నారు. బెత్తాన్ని కిటికీలోంచి బయటికి విసిరేసి, మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"మిమ్మల్ని ఏమీ అనను తల్లీ. నాకు భయంగా ఉంది. ఏం జరిగిందో చెప్పండి" అన్నాడు.

మస్తానమ్మ పెదాల మీది వేలు కాస్త జరిపింది. "మాట్లాడొచ్చా సార్?"

"మాట్లాడమ్మా!"

"పాము సార్. చారల పాము. మీరు లెక్కలు ఇచ్చినప్పుడు కరిచింది. చెప్పబోయాను. మీరు చూశారు."

చక్రధర్ కావేరిని ఎత్తుకుని బయటికి పరిగెత్తాడు. విమలమ్మ ఆటో పిలిపించి, మిగతా పిల్లల్ని ఆ గదిలోంచి బయటికి పంపించింది. దారి పొడవునా అతను ఆ పిల్ల గుండెల మీద చెయ్యి వేసి, ఊపిరి ఆడుతోందో లేదో చూస్తూనే ఉన్నాడు. ఆసుపత్రిలో గొట్టం వేసి ఊపిరి అందించారు. "కట్లపాము. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదు. ఇంతసేపూ ఏం చేస్తున్నారు?" అని డాక్టరు కోప్పడ్డాడు.

పరుగున వచ్చిన కావేరి నాన్న కూడా అదే అడిగాడు. "మా బిడ్డ మీకెందుకు చెప్పలేదు సార్?"

"నేనంటే భయం, అన్నా. తప్పు నాదే."

ఆ తండ్రి ముఖం తిప్పుకున్నాడు.

కావేరి బతికింది. తేరుకోవడానికి చాలా రోజులు పట్టింది.

బడికి తిరిగి వచ్చాక చక్రధర్ పిల్లల దగ్గరికి వెళ్ళి, "ఏదైనా కావాలంటే చెయ్యెత్తండి, నేను చూస్తాను. ఆపద వస్తే మాత్రం చెయ్యెత్తనక్కర్లేదు, అరవండి" అన్నాడు. అల్లరి పెరిగినప్పుడు తానూ అరవకుండా, వాళ్ళు సర్దుకునేదాకా నిలబడి, మెల్లగా మొదలుపెట్టేవాడు. పిల్లలు వెంటనే నమ్మలేదు. చాలా రోజులు ఒక్క చెయ్యీ లేవలేదు. చివరికి మస్తానమ్మ బెదురుతూనే చెయ్యెత్తింది. "సార్, బోర్డు మీద లెక్క తప్పు వేశారు" అంది. అందరూ అతని చేతివైపే చూశారు. అతను తిరిగి చూసి, తుడిచి, సరిగ్గా రాశాడు.

నీతి: భయపెట్టి తెచ్చుకున్న నిశ్శబ్దం క్రమశిక్షణ కాదు, ఆపదలో పిల్లలు నోరు విప్పి చెప్పగలిగే తరగతే గురువు అదుపులో ఉన్న తరగతి.