నాంచారు రాసిన కళ్ళు

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదర్రా, మా అమ్మమ్మ ఉయ్యాల్లో ఉన్ననాటికే పాతబడిపోయిన సంగతి. ఒక రాజుగారి కోట పక్కన బొమ్మలు చేసేవాళ్ళ వీధి ఒకటుండేది. ఆ వీధిలో పేరంటాలు అని ఒకావిడ. మగవాళ్ళు చెక్క చెక్కినా, బొమ్మకి మొహం రాయాలంటే మాత్రం ఆవిడే రాయాలి. ఆవిడ రాసిన బొమ్మ మనవైపు చూస్తే పలకరించినట్టే ఉండేదట. ఆ ఊరి రాణీగారికేమో బొమ్మలంటే ప్రాణం. ఎక్కడెక్కడి బొమ్మలో తెప్పించి దాచుకుని, దసరాకి కొలువు పెట్టేది.

పేరంటాలికి కొత్త కోడలొచ్చింది, నాంచారు. పుట్టింట్లో ఆ పిల్ల ముగ్గేస్తే వీధంతా చూడ్డానికొచ్చేవాళ్ళు. ముగ్గులొచ్చిన దానికి మొహమొక లెక్కా అనుకుంది. అత్తేమో ముందు సుద్ద నూరమ్మా, తరవాత చూద్దాం అనేది. అన్నప్పుడల్లా దీనికి బుంగమూతి.

దసరా ముంగిట్లోకొచ్చింది. రాణీగారు ఒక పాత బొమ్మ పంపింది. పెళ్ళయి వచ్చేటప్పుడు వాళ్ళమ్మ ఒళ్ళో పెట్టి పంపిన బొమ్మట. ఆ తల్లి కాలం చేసింది, బొమ్మ మొహమూ చెరిగిపోయింది. సరిగ్గా అప్పుడే రోకలి జారి పేరంటాలు చెయ్యి వాచింది. బొమ్మ మొహానికి ఎలాగో సుద్ద పూత పూసి ఆరబెట్టి, చేతికి కట్టు కట్టించుకోడానికి వెళ్ళింది.

ఊ కొడుతున్నారా? ఆ, కొట్టండి మరి.

అత్త వచ్చేసరికి రాసిపెడితే నోరు తెరుచుకుని ఉండిపోవాలి అనుకుంది నాంచారు. పూత ఆరిందో లేదో చూడలేదు. కుంచె నిండా నలుపు ముంచింది. కుడికన్ను రాసింది, బాగానే వచ్చింది. ఎడమకన్ను రాస్తే కాస్త పెద్దదైంది. సరే అని కుడిది పెంచింది. కుడిది పెరిగితే ఎడమది చిన్నదైంది. ఎడమది పెంచితే కుడిది, కుడిది పెంచితే ఎడమది, పెంచగా పెంచగా కళ్ళు చెవులు దాటి జడలోకి పోయాయి! నవ్వకండర్రా, అక్కడ దానికి ఏడుపొస్తోంది. తడిగుడ్డతో తుడిస్తే పచ్చిపూత లేచొచ్చి చెంపల నిండా నలుపు పాకింది. పోనీ నవ్వుమూతి రాద్దామంటే ఎరుపు కారి గడ్డం మీదికి వేలాడింది.

వీధిలో అత్త గొంతు వినపడింది. గబుక్కున గుడ్డ చుట్టి గూట్లో పెట్టేసింది. అత్తతో పాటే కోట దాసీ వచ్చింది. మొహం రాయకపోయినా సరే, మా అమ్మ బొమ్మ లేకుండా కొలువు పెట్టనని రాణీగారి మాటట. పేరంటాలు మూట విప్పకుండానే తీసుకుని, కోడల్నీ రమ్మంది. వీధి మలుపులో చెబుదామనుకుంది నాంచారు, చెప్పలేదు. కోట గుమ్మంలో చెబుదామనుకుంది, నాలుక పైకి లేవలేదు.

పేరంటానికొచ్చిన ఆడవాళ్ళందరి ముందూ రాణీగారు మూట విప్పింది. ఒకామె ఫక్కున నవ్వింది. ఇంకొకామె దిష్టిబొమ్మ అంది. రాణీగారు మాత్రం నవ్వలేదు. "ఇది మా అమ్మ ఇచ్చిందే" అంది, అంతే.

పేరంటాలు బొమ్మని చూసింది. కోడలు కొంగులో దాచుకున్న నల్లటి వేళ్ళనీ చూసింది. "తప్పు నాదేనమ్మా. నొప్పిచేత్తో ఆగలేక రాశాను" అంది.

ముసలిదాని పని అయిపోయిందని వెనకాల గుసగుసలు. అవి విని నాంచారుకి నేల చీలితే అందులోకి పోదామనిపించింది. చివరికి రెండు చేతులూ ముందుకి చాపి, "నేనమ్మా రాసింది. మా అత్తకి తెలీదు" అంది.

రాణీగారు తిట్టలేదు. ఫరవాలేదనీ అనలేదు. బొమ్మని కొలువు పైమెట్టు మీద గోడవైపు తిప్పి పెట్టింది. చెంపదెబ్బ కొట్టినా అంత మండేది కాదు.

ఇంటికొచ్చాక అత్త ఒక్కటే మాటంది. "రాసినందుకు కాదే నా బాధ. తోవంతా నా పక్కనే నడిచావు, ఒక్క మాటైనా చెప్పలేదు."

మర్నాటినుంచి నాంచారు నోరెత్తకుండా సుద్ద నూరింది. కుండపెంకు మీద కన్ను, కొబ్బరిచిప్ప మీద కన్ను, పాతచేట మీద కన్ను. కుంచె కొసకే రంగు, కుడివైపొక గీత, వెంటనే ఎడమవైపొక గీత, రెండూ కలిసి పెరగాలి. పెరడంతా కళ్ళే! కాకులు జడిసి వాలడం మానేశాయట.

మళ్ళీ దసరా దగ్గరపడుతుంటే తనే కోటకెళ్ళింది. తల దించుకుని గుమ్మంలో నిలబడి, చెడగొట్టిన బొమ్మ ఇప్పించండి అని అడిగింది. రాణీగారు లోపలికెళ్ళి తెచ్చి ఇచ్చింది. నాంచారు పాతరంగు కడిగింది, పూత పూసింది, వేలితో తాకి ఎండిందని తెలిశాకే కుంచె పట్టింది. పక్కన అత్త కూర్చుంది.

ఇద్దరూ పట్టుకెళ్ళి ఇస్తే, పలకరిస్తున్నట్టున్న ఆ మొహం చూసి రాణీగారు నించున్నచోటే నేలమీద కూలబడి బొమ్మని ఒళ్ళో పెట్టుకుంది. కాసేపటికి రాణీగారు కళ్ళు తుడుచుకుని, "ఎండన పడి వచ్చారు. అన్నం తిని వెళ్ళండి" అంది. తనే వడ్డించింది. నాంచారు కన్నీళ్ళు విస్తట్లో పడుతుంటే, "తినవే, పప్పు చల్లారిపోతుంది" అని అత్త నెయ్యి గిన్నె ఇటు జరిపింది.

అందుకే చెబుతున్నా, ఏదన్నా చెడగొడితే ఇంట్లో వెంటనే చెప్పెయ్యండి. తిట్టినా మేమే కదా తిట్టేది. ఇంక కథ కంచిదారి పట్టింది, మనం దుప్పట్లోకి దూరదాం. పడుకోండి.