రెండు తీర్లు

ఊపిరితిత్తుల ఆపరేషన్లు చేసే డాక్టర్ సుభాన్ దగ్గర మురహరి నాలుగేళ్లుగా పని నేర్చుకుంటున్నాడు. తెలివైనవాడు, చెయ్యి మంచిది. ఆ సంగతి అతనికి కాస్త ఎక్కువగానే తెలుసు.

ఓ ఎండాకాలం పొద్దున గురువు ముందు ఒక కాగితం పెట్టాడు. చిన్న క్యాన్సర్ గడ్డకు రెండు ఆపరేషన్లు. ఊపిరితిత్తిలో గడ్డ ఉన్న భాగాన్ని, అంటే లోబ్‌ను, మొత్తం తీసేయడం ఒకటి. గడ్డతో పాటు చుట్టూ కొంచెం తీసి, మిగతా లోబ్‌ను ఉంచేయడం రెండోది. ఎవరు ఎన్నేళ్లు బతికారు, ఎవరికి మళ్లీ వచ్చింది, అన్నీ గళ్లు గీసి రాసుకొచ్చాడు.

"చిన్న గడ్డలకు పెద్ద తేడా కనపడట్లేదు సార్. ఏది మంచిదంటారు?"

సుభాన్ కాగితం చదివాడు. "ఓపీకి పోదాం పా. నీ పేషెంటొచ్చిండు."

వచ్చింది సోమనర్సయ్య. ఆరు నెలల కిందట ఆయనకు మురహరి ఆపరేషన్ చేస్తే సుభాన్ పక్కన నిలబడ్డాడు. గడ్డ చిన్నదే అయినా, ఎందుకైనా మంచిదని లోబ్ మొత్తం తీసేశారు. కుట్లు చక్కగా మానాయి. స్కాన్‌లో ఏమీ లేదు. మురహరి మొహం వెలిగింది.

సోమనర్సయ్య దండం పెట్టి, సంచిలోంచి ముంజలు తీసి బల్ల మీద పెట్టాడు.

"పాణం నిలవెట్టిర్రు సారు. ఇవి మీకే. నేను దింపినయి గాదు, కొనుక్కొచ్చిన. ఇప్పుడు చెట్టెక్కుతలేను. సగం చెట్టుకే దమ్మొస్తున్నది. చెట్టెక్కే మోకు మా తమ్మునికిచ్చిన."

ఆయన తాటిచెట్లెక్కి కల్లు గీసే మనిషని మురహరికి అప్పటిదాకా తెలీదు.

"ఆపరేషన్‌కు ముందు మేం నిన్నేమడిగినం?" అన్నాడు సుభాన్.

"బీడీలు తాగుతవా అనడిగిర్రు. ఒక్కలు గాదు, నలుగురడిగిర్రు."

"ఇంకా?"

"గంతే సారు."

మురహరి ఉండబట్టలేకపోయాడు. "చెట్లెక్కుతానని చెప్పుంటే, చిన్న ముక్కతో పోయే దారి చూసేవాళ్లం కదా!"

సోమనర్సయ్య ఇద్దరి మొహాలూ చూశాడు.

"గట్ల గూడ చేస్తరా సారు? రెండు తీర్లుంటదని నాకెవ్వరు చెప్పలే."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. తిట్టినా బాగుండేదనిపించింది మురహరికి.

సుభాన్ ఒక ముంజ ఒలిచి శిష్యుడి చేతిలో పెట్టాడు. మురహరి నోటి దాకా తీసుకెళ్లి ఆగిపోయాడు.

"తినుండ్రి సారు, లేతయి," అన్నాడు సోమనర్సయ్య.

తిన్నాడు.

ఆయన వెళ్లాక మురహరి అడిగాడు. "చిన్న ముక్కే తీసుంటే ఎక్కేవాడా సార్?"

"ఎక్కునో, ఎక్కకపోవునో."

"మరి ఏది చేసుండాల్సింది?"

సుభాన్ కిటికీ దగ్గరికి వెళ్లాడు. సోమనర్సయ్య బస్టాపు దాకా పోవడానికి రెండుచోట్ల ఆగడం చూశాడు.

"ఆయన్నడగాల్సుండె," అన్నాడు. "నేను గూడ అడగలే."